మిర్చి తోటల దారి మూసిన రోజులు: కరోనా కాలంలో ఇరుగుపొరుగు ఏం చేశారు?

ఏటా సంక్రాంతి దాటిందంటే పినపాక, మణుగూరు, మంగపేట మండలాల్లోను, గోదావరి అవతల చర్ల, వెంకటాపురం వైపు మిర్చి తోటల్లోను జనం పెరుగుతారు. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సుక్మా జిల్లాల నుంచి ఆదివాసీ కూలీలు గుంపులుగా వస్తారు. నెత్తిన మూటలు, చంకలో పిల్లలు. తోట పక్కనే చిన్న పాక వేసుకుని రెండు మూడు నెలలు కాయ ఏరి, ఎండలు ముదిరేసరికి ఇంటిదారి పడతారు. మ్యాపులో అది రెండు రాష్ట్రాల సరిహద్దు. వాళ్ళకు మాత్రం అది ఒక అడవి బాట. అటు మాట్లాడేదీ కోయ భాషే, ఇటు చాలా గూడేల్లో మాట్లాడేదీ అదే. చుట్టరికాలు కూడా అటూ ఇటూ ఉన్నాయి.

2020 మార్చి 24 రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు ఈ కూలీలు ఇంకా తోటల్లోనే ఉన్నారు. మూడు వారాలే కదా అనుకున్నారు. ఏప్రిల్ 14న గడువు మళ్ళీ మే 3 దాకా పెరిగింది. ఆ మరుసటి రోజు ములుగు జిల్లా మిర్చి తోటల నుంచి ఒక చిన్న గుంపు బీజాపూర్‌కు కాలినడకన బయల్దేరింది. అందులో 12 ఏళ్ళ ఆదివాసీ పాప ఉంది. రోడ్డెక్కితే పోలీసులు ఆపుతారని అడవి దారి పట్టారు. వంద కిలోమీటర్లకు పైగా దారి, మూడు రోజుల నడక. ఏప్రిల్ 18న, ఇల్లు కొద్ది దూరంలో ఉందనగా ఆ పాప ప్రాణం పోయింది. తర్వాత చేసిన పరీక్షలో కరోనా లేదని తేలింది. ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవడమే కారణమని వైద్యులు చెప్పారు.

ఆ పాపను చంపింది వైరస్ కాదు, మూసిన దారి. అలాగని దారులు మూయడమే తప్పు అనడానికీ లేదు. అంటువ్యాధి వచ్చినప్పుడు రాకపోకలు ఆపాల్సిందే. అయితే ఆపేముందు గీతకు అవతల ఎవరు మిగిలిపోతున్నారు, వాళ్ళ తిండి ఎవరు చూస్తారు అన్నది ఎవరో ఒకరు అడగాలి. కరోనా కాలంలో పక్క దేశాలు, పక్క ఊళ్ళు ఆ ప్రశ్నను ఎలా ఎదుర్కొన్నాయో చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి. ముస్లిం కుటుంబాలకైతే ఇందులో స్వయంగా అనుభవించినవి కూడా ఉన్నాయి.

జబ్బు ఎవరిది, నింద ఎవరిది

తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. దుబాయ్ వెళ్ళొచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆయన. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మొదట్లో కనిపించిన కేసుల్లో కూడా విదేశాల నుంచి విమానాల్లో తిరిగొచ్చిన వాళ్ళవి ఉన్నాయి. అప్పుడు ఏ వర్గాన్నీ ఎవరూ ఏమీ అనలేదు, అనాల్సిన పనీ లేదు.

మార్చి మధ్యలో కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియా మతప్రచారకులకు పాజిటివ్ వచ్చింది. మార్చి 30న, ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్ళొచ్చిన తెలంగాణ వాసులు ఆరుగురు చనిపోయారని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అక్కడితో కథ మారిపోయింది. టీవీల్లో, వాట్సాప్‌లో వైరస్‌కు ఒక మతం అంటగట్టారు. దేశంలో చాలాచోట్ల కూరగాయల బండివాడిని పేరు అడిగి మరీ కొన్నారు.

కేంద్ర ఆరోగ్యశాఖ ఏప్రిల్ 18న చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి దేశంలో ఉన్న 14,378 కేసుల్లో 4,291 మర్కజ్‌తో ముడిపడినవి, అంటే దాదాపు 30 శాతం. అంకె చూస్తే భయమేస్తుంది. కాని ఆ అంకె ఎలా వచ్చిందో కూడా తెలియాలి. అప్పట్లో పరీక్షల కిట్లు చాలా తక్కువ. విదేశాల నుంచి వచ్చినవాళ్ళకు, వాళ్ళను కలిసినవాళ్ళకు, జబ్బు ముదిరి ఆసుపత్రికి చేరినవాళ్ళకే ఎక్కువగా పరీక్షలు చేసేవారు. మర్కజ్‌కు వెళ్ళినవాళ్ళను మాత్రం ఊరూరా వెతికి, లక్షణాలు లేకపోయినా పరీక్షించారు. ఒకే చెరువులో పదిసార్లు వల వేసి, పక్క చెరువు ముట్టుకోకుండా, చేపలన్నీ ఇందులోనే ఉన్నాయంటే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ లెక్క. వెతకడం సరైన పనే. దాని వల్ల చాలామందికి వైద్యం అందింది. ఆ లెక్కను పట్టుకుని ఒక సముదాయం మొత్తాన్ని దోషిగా నిలబెట్టడమే అన్యాయం.

అలాగని జమాత్ వైపు పొరపాటే లేదని కూడా అనలేం. ప్రపంచమంతా జబ్బు పాకుతున్న మార్చి నెలలో అంతమందిని ఒకేచోట ఉంచడం తెలివైన పని కాదు. ఈ మాట అప్పుడే మన ఇళ్ళల్లో కూడా చాలామంది అనుకున్నారు. కాని పొరపాటు వేరు, నేరం వేరు. 2020 ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ 29 మంది విదేశీయుల మీద పెట్టిన కేసులు కొట్టేసి, వాళ్ళను బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయులను నిర్దోషులుగా వదిలేసింది. విదేశీయులకు ఆశ్రయం ఇచ్చారంటూ 70 మంది భారతీయుల మీద పెట్టిన కేసులను ఢిల్లీ హైకోర్టు 2025 జూలైలో రద్దు చేసింది. ఐదేళ్ళు పట్టింది! నింద వేసిన రోజు ఉన్నంత హడావుడి కేసులు కొట్టేసిన రోజు ఏ టీవీలోనూ కనిపించలేదు.

పినపాక అడవుల్లో ఇలాంటి చూపునే ఏళ్ళుగా మోస్తున్న వాళ్ళు ఇంకొకరున్నారు. 2005 తర్వాత సల్వా జుడుం గొడవల్లో ఊళ్ళు వదిలి ఛత్తీస్‌గఢ్ నుంచి ఇటు వచ్చి స్థిరపడ్డ గొత్తికోయలు. ‘బయటి నుంచి వచ్చినవాళ్ళు’ అన్న ముద్ర వాళ్ళను వదల్లేదు. తెలంగాణలో ఎస్టీ సర్టిఫికెట్ దొరకదు, చాలామందికి రేషన్ కార్డు లేదు, రోడ్డు లేని చోట గూడేలు. మార్కెట్లు, వారపు సంతలు బంద్ అయితే ఉప్పు, నూనె కూడా కరువే.

మక్కా నుంచి ఢాకా దాకా

మసీదులు మూయాలన్నప్పుడు మన పెద్దల్లో కొందరికి బాధ కలిగింది. బాధ సహజమే. కాని అంటువ్యాధి ఉన్న ఊరికి వెళ్ళకూడదు, ఉన్న ఊళ్ళో అది వస్తే అక్కడి నుంచి బయటికి పోకూడదు అన్న ప్రవక్త (స) బోధ మన ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు. ఖలీఫా ఉమర్ (రజి) షామ్ దేశానికి వెళ్తూ, అక్కడ అంవాస్ ప్లేగు పాకిందని తెలిసి సర్గ్ అనే చోటి నుంచే వెనుదిరిగారు. దైవ నిర్ణయం నుంచి పారిపోవడమా ఇది అని అబూ ఉబైదా (రజి) అడగడం, ఒక దైవ నిర్ణయం నుంచి మరో దైవ నిర్ణయం వైపే వెళ్తున్నామని ఉమర్ (రజి) చెప్పడం, ఇదంతా 2020లో ఎన్నో ఖుత్బాల్లో, ఫోన్ సందేశాల్లో వినిపించింది.

సౌదీ అరేబియా ఫిబ్రవరి 27నే విదేశీ ఉమ్రా యాత్రికులను ఆపేసింది. మార్చి 4న అక్కడే ఉండేవాళ్ళకు కూడా ఉమ్రా ఆపింది. ఆ ఏడాది హజ్‌కు సౌదీలో అప్పటికే ఉన్న అతి కొద్దిమందినే అనుమతించారు. 2021లో 60,000 మంది, అదీ టీకా వేసుకున్న అక్కడి నివాసులే. జీవితమంతా పైసా పైసా కూడబెట్టి, ఆ ఏడాది పేరు వచ్చిన తెలంగాణ, ఆంధ్ర హాజీలు ఎంత కుమిలిపోయారో చెప్పక్కర్లేదు. అయితే సౌదీ చేసిన మరో పని గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. వీసా గడువు దాటి దొంగచాటుగా ఉంటున్న వాళ్ళతో సహా దేశంలో ఎవరికైనా కరోనా వైద్యం ఉచితమని మార్చి 30న రాజు సల్మాన్ ఆదేశించారు. కాగితాలు అడిగితే జబ్బున్నవాడు దాక్కుంటాడు, దాక్కుంటే పదిమందికి అంటిస్తాడు. ఈ లెక్క వాళ్ళకు తెలుసు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు ఎంతోమందికి ఆ ఆదేశం పనికొచ్చింది.

పాకిస్తాన్ వేరే దారి పట్టింది. ఏప్రిల్ 18న ప్రభుత్వం, ఉలేమాలు కలిసి 20 షరతులతో మసీదులు తెరవడానికి ఒప్పుకున్నారు. సఫ్‌లో మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం ఉండాలి, చాపలు, తివాచీలు వేయకూడదు, 50 ఏళ్ళు దాటినవాళ్ళు, పిల్లలు ఇంట్లోనే నమాజ్ చేసుకోవాలి. అక్కడి డాక్టర్లు ఇది ప్రమాదమని గట్టిగా హెచ్చరించారు. రోజుకూలి మీద బతికే దేశంలో పూర్తి లాక్‌డౌన్ పెట్టలేమని ప్రభుత్వం వాదించింది. ఎహ్సాస్ అనే పథకం కింద కోటికి పైగా కుటుంబాలకు ఒక్కో ఇంటికి 12,000 పాకిస్తాన్ రూపాయలు ఇచ్చింది.

బంగ్లాదేశ్‌లో ఏప్రిల్ 6 నుంచి మామూలు నమాజులకు ఐదుగురు, జుమాకు పదిమంది మించకూడదన్నారు. రెండు వారాలు తిరక్కుండానే బ్రాహ్మణ్‌బాడియాలో ఒక మత పెద్ద జనాజాకు వేలమంది రోడ్ల మీదికి వచ్చేశారు. ఆజ్ఞ ఇవ్వడం తేలికే, ప్రియమైనవాళ్ళు పోయినప్పుడు ఇంట్లో కూర్చోమనడం ఎంత కష్టమో అది చూస్తే తెలుస్తుంది. మన భద్రాచలంలో 2020 ఏప్రిల్ 2న సీతారాముల కల్యాణం భక్తులు లేకుండా జరిగింది. ఏటా గోదావరి ఒడ్డు నిండిపోయే రోజు అది. ఆ నెలాఖరున రంజాన్ మొదలైనప్పుడు మసీదుల్లో తరావీహ్ కూడా అలాగే, నలుగురైదుగురితో జరిగింది.

శ్రీలంకలో శవాలు

ఇరుగుపొరుగు దేశాల్లో అన్నిటికంటే చేదు కథ శ్రీలంకది. అక్కడ జనాభాలో దాదాపు పదో వంతు ముస్లింలు. కరోనాతో చనిపోయినవాళ్ళను పాతిపెట్టినా, దహనం చేసినా ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే చెప్పింది. అయినా శ్రీలంక ప్రభుత్వం ఏప్రిల్ 11న గెజిట్ ఇచ్చి దహనమే తప్పనిసరి చేసింది. పాతిపెడితే భూగర్భ జలాల్లోకి వైరస్ చేరుతుందట. దానికి శాస్త్రీయ ఆధారం లేదని అక్కడి వైద్య నిపుణులే చెప్పారు, ఎవరూ వినలేదు.

గుస్ల్ లేదు, కఫన్ లేదు, జనాజా లేదు. కొందరు కుటుంబ సభ్యులు బూడిద తీసుకోవడానికి కూడా ఒప్పుకోలేదు. డిసెంబర్‌లో 20 రోజుల పసిబిడ్డను తల్లిదండ్రులు ఒప్పుకోకున్నా దహనం చేశారు. ఆ తర్వాత కొలంబోలోని ఆ శ్మశానం గేటుకు జనం వచ్చి తెల్ల గుడ్డలు కట్టారు. కట్టినవాళ్ళలో సింహళులు, తమిళులు, క్రైస్తవులు కూడా ఉన్నారు. దేశ విదేశాల ఒత్తిడి పెరిగాక 2021 ఫిబ్రవరి చివర్లో ఖననానికి అనుమతి వచ్చింది. తూర్పున బట్టికలోవా జిల్లా ఒట్టమావడిలో మార్చి మొదటి వారంలో ఖననాలు మొదలయ్యాయి. 2024 జూలైలో ప్రభుత్వం అధికారికంగా క్షమాపణ చెప్పింది. అప్పటికి 276 మంది ముస్లింలను దహనం చేసినట్లు లెక్క తేలింది. నీటిలో వైరస్ చేరుతుందన్న మాట తర్వాత చేసిన అధ్యయనాల్లో నిలవలేదు.

మన దేశంలో కూడా ఆ గండం తృటిలో తప్పింది. 2020 మార్చి 30న ముంబై కార్పొరేషన్ అన్ని మృతదేహాలనూ దహనం చేయాలని ఆదేశం ఇచ్చి, కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకుంది. బాంద్రా ఖబరస్తాన్‌లో ఖననం వద్దని కొందరు కోర్టుకెక్కితే, గౌరవంగా ఖననం పొందడం కూడా హక్కేనని బాంబే హైకోర్టు మే 22న తీర్పు ఇచ్చింది. కేంద్ర ఆరోగ్యశాఖ అప్పటి నియమాల ప్రకారం శవాన్ని కడగడం, ముద్దాడటం, కౌగిలించుకోవడం కూడదు. దూరం నుంచి ముఖం చూపించవచ్చు, తాకకుండా దుఆలు, మంత్రాలు చదవవచ్చు. చాలా కుటుంబాలకు ఈ మాత్రం కూడా తెలియక, భయంతో శవాన్ని ఆసుపత్రిలోనే వదిలేసిన సందర్భాలున్నాయి.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పుకోక తప్పదు. 2020 మేలో హైదరాబాద్ శివారు గంధంగూడలో గుండెపోటుతో చనిపోయిన ఒక ముస్లిం పెద్దాయనకు పలు ఖబరస్తాన్‌లలో చోటు ఇవ్వలేదు. మా బస్తీవాడు కాదన్నారు, కరోనా భయమన్నారు. చివరికి హిందూ మిత్రులు ముందుకొచ్చి తమ శ్మశానంలో చోటిస్తే అక్కడ ఖననం చేశారు. శ్రీలంక ప్రభుత్వం మీద మనకు ఎంత కోపం వచ్చిందో, ఆ ఖబరస్తాన్ కమిటీల మీద కూడా అంతే రావాలి. 2021 రెండో వేవ్‌లో దీనికి ఎదురు దృశ్యం తిరుపతిలో కనిపించింది. సొంతవాళ్ళే దగ్గరికి రాని హిందూ మృతదేహాలకు ముస్లిం యువకులు పీపీఈ కిట్లు వేసుకుని అంత్యక్రియలు చేశారు. ఎవరి ఆచారం ప్రకారం వాళ్ళకు.

చిన్న దేశం, ఇరుకు నది

చిన్న దేశమైన భూటాన్‌కు మనం ఇచ్చిన టీకాలే ఆధారం. 2021 మార్చి 27న మొదలుపెట్టి రెండు వారాల పైచిలుకులోనే పెద్దవాళ్ళలో 90 శాతానికి పైగా మొదటి డోసు వేసేశారు. ముహూర్తం బౌద్ధ భిక్షువులను అడిగి పెట్టుకున్నారు. వాళ్ళ పంచాంగంలో కోతి సంవత్సరంలో పుట్టిన 30 ఏళ్ళ మహిళకు మొదటి టీకా వేశారు. చదువుకున్నవాళ్ళు నవ్వుకోవచ్చు గానీ, ఊరి పెద్ద నమ్మితే ఊరు నమ్ముతుందన్నది వాళ్ళకు బాగా తెలుసు. మన దగ్గర కూడా ఇమాం సాబ్ స్వయంగా టీకా వేయించుకుని ఫోటో పెట్టిన చోట అనుమానాలు త్వరగా పోయాయి.

ఆ వెంటనే మన దేశంలో రెండో వేవ్ ముంచేసింది. టీకాల ఎగుమతి ఆగిపోయింది. భూటాన్ రెండో డోసుకు జూలై దాకా ఆగి అమెరికా ఇచ్చిన టీకాలు తెచ్చుకుంది. నేపాల్‌లో మొదటి డోసు కోవిషీల్డ్ వేసుకున్న లక్షలాది వృద్ధులు నెలల తరబడి ఎదురుచూశారు. నేపాల్‌కు అంతకు ముందే మరో దెబ్బ తగిలింది. 2020 మార్చి చివర్లో సరిహద్దు మూసేయడంతో, మన దేశంలో పనిచేసే నేపాలీ కూలీలు దార్చులా దగ్గర చిక్కుకుపోయారు. కొందరు ప్రాణాలకు తెగించి మహాకాళి నదిని ఈది అవతలి ఒడ్డుకు చేరారు. సొంత దేశం కళ్ళముందే ఉంది, వంతెన గేటు మాత్రం మూసి ఉంది.

అంత దూరం ఎందుకు, 2021 మేలో ఆంధ్రా నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు వస్తున్న అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపారు. ముందుగా అనుమతి తెచ్చుకోవాలన్నారు. తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకుని మే 14న ఆ ఉత్తర్వులు నిలిపేసింది. రాష్ట్రం విడిపోయినా భద్రాచలం చుట్టుపక్కల ఊళ్ళకు అటూ ఇటూ బంధువులే. వాళ్ళకు ఈ గేట్లు ఎంత ఇబ్బందో హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్ళకు అర్థం కాదు.

అడవిలో ఎవరి ఏర్పాట్లు వాళ్ళవి

ప్రభుత్వం వచ్చేలోపే అడవి జనం కొన్ని పనులు చేసుకున్నారు. ఊరి పొలిమేరలో కర్రలు అడ్డంపెట్టి బయటివాళ్ళను రానివ్వలేదు. పక్కనే బస్తర్ ప్రాంతంలోని కాంకేర్ జిల్లాలో ఆదివాసీలు మాస్కులు దొరక్క సాల చెట్టు ఆకులతో మాస్కులు కుట్టుకున్నారు. ఆకు మాస్కు వైరస్‌ను ఎంత ఆపుతుందన్నది పక్కన పెడితే, ప్రమాదం వాళ్ళకు అర్థమైందని, చేతిలో ఉన్నదానితో సిద్ధపడ్డారని అందులో కనిపిస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం తెల్ల కార్డు కుటుంబాల్లో మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. కార్డు లేని వలస కూలీలకు కూడా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామంది. వలస కూలీల కోసం దేశంలోనే మొదటి ప్రత్యేక రైలు మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వెళ్ళింది. మంచి నిర్ణయాలే. అయితే రైలు ఎక్కాలంటే స్టేషన్ ఉండాలి, బియ్యం అందాలంటే లెక్క రాసేవాడు తోట దాకా రావాలి. బీజాపూర్ అడవిలోకి ఏ రైలూ పోదు. అప్పటి ములుగు ఎమ్మెల్యే సీతక్క సరుకుల మూటలు మోసుకుంటూ, వాగులు దాటుతూ గొత్తికోయ గూడేలకు నడిచి వెళ్ళిన ఫోటోలు అప్పట్లో అందరూ చూసే ఉంటారు. అక్కడికి బండి పోదు కాబట్టే నడిచారు.

రెండో వేవ్‌లో ఆక్సిజన్ కోసం జనం పరుగులు తీసినప్పుడు, తెలంగాణ ఖాళీ ట్యాంకర్లను బేగంపేట నుంచి వాయుసేన విమానాల్లో భువనేశ్వర్‌కు పంపి నింపి తెప్పించింది. పినపాక నియోజకవర్గంలోనే ఉన్న సారపాక ఐటీసీ కాగితం మిల్లు కూడా చుట్టుపక్కల ప్రాంతాలకు ఆక్సిజన్ సరఫరా చేసింది. కాగితానికి వాడే ఆక్సిజన్ మనుషుల ఊపిరికి పనికొచ్చింది.

టీకా దగ్గర మళ్ళీ కాగితాల గొడవ. 18 నుంచి 44 ఏళ్ళ వాళ్ళు మొదట్లో కోవిన్‌లో, అంటే ఫోన్లోనో కంప్యూటర్లోనో, ముందే పేరు రాయించుకోవాలన్నారు. సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన గూడెంలో ఓటీపీ ఎలా వస్తుంది? దీని మీద సుప్రీంకోర్టు కూడా కేంద్రాన్ని నిలదీసింది. 2021 జూన్ 21 నుంచి నేరుగా వెళ్ళి వేయించుకునే వీలు అన్ని చోట్లా వచ్చింది. ఏ గుర్తింపు కార్డూ లేనివాళ్ళకు ఎలా వేయాలో కేంద్రం ఆ మే నెలలోనే వేరే నియమాలు ఇచ్చింది. పేపర్ మీద ఉన్న ఆ వీలు ఎంతమందికి చేరిందన్నది ఏఎన్ఎం, ఆశా కార్యకర్త నడకను బట్టే ఉండేది.

ఆ పాప నడిచిన ఏడాదికి, ఇప్పటికి ఒక తేడా అయితే వచ్చింది. అప్పట్లో ఛత్తీస్‌గఢ్ రేషన్ కార్డు తెలంగాణలో చెల్లేది కాదు. 2022 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్ కూడా ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’లో చేరింది. బీజాపూర్ కార్డు ఉన్న కూలీ తన వాటా బియ్యం పినపాకలోనే తీసుకోవచ్చు. కార్డుకు ఆధార్ కలిపి ఉండాలి, డీలర్ దగ్గర వేలిముద్ర పడాలి. మిరప ఏరి ఏరి వేళ్ళు మండి, చర్మం ఊడిన చేతులకు ఆ మిషన్ మీద ముద్ర ఒక్కోసారి పడదు. ఐరిస్ మిషన్ ఉందా అని అడగొచ్చు. ఇలాంటి వీలు ఉందని కూలీలకు చెప్పేవాళ్ళు కావాలి. తోట యజమాని చెప్పొచ్చు, బయ్యారం సెంటర్లో కిరాణా కొట్టు నడిపే భాయ్ కూడా చెప్పొచ్చు.